చాంగ్‌షా దాటని 49 గ్రాముల పట్టు

చైనా పాత సమాధుల్లోని సొత్తు చూడాలంటే బీజింగ్ వెళ్లాలనుకుంటాం. నన్నడిగితే అన్నిటికన్నా వింతైన సమాధి సొత్తు ఉన్నది చాంగ్‌షాలో, హునాన్ ప్రావిన్స్ వాళ్ల సొంత మ్యూజియంలో. ఫలానా వస్తువులు విదేశీ ప్రదర్శనలకు వెళ్లడానికి వీల్లేదని 2002లో చైనా ప్రభుత్వం 64 వస్తువులతో ఒక జాబితా పెట్టింది. అందులో చాంగ్‌షా శివార్లలోని మావాంగ్‌దుయ్ సమాధి నుంచే ఒక పట్టు అంగీ, టి ఆకారంలో ఉన్న పట్టు చిత్రం, చెక్క శవపేటికలు ఉన్నాయి. ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే సమాధి తవ్విన 1972కి వెళ్తే చాలదు, ఇంకో ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

చాంగ్‌షా మట్టి కింద రెండు వేల ఏళ్లు దాటిన సమాధులు బోలెడు. వాటిని తవ్వి బతికే దొంగలకి అక్కడ ‘తూఫూజి’ అని పేరు కూడా ఉంది, ఇదొక వృత్తి అన్నమాట. 1942లో వాళ్లు జీదాన్‌కూ అనే చోట ఒక సమాధి తవ్వితే క్రీ.పూ. 300 ప్రాంతపు పట్టు గుడ్డ మీద రాతలు దొరికాయి. అవి ఒక స్థానిక పురావస్తువుల వ్యాపారి చేతికి వచ్చాయి, 1946లో ఆయన దగ్గర్నుంచి జాన్ హ్యాడ్లీ కాక్స్ అనే అమెరికన్ ఫోటోలు తీయిస్తానని తీసుకుని అమెరికా దాటించేశాడు. అంతే, పోయినవి పోయినట్టే. వాటిలో రెండు భాగాల్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్లు 2025 మేలో తిరిగిచ్చారు, అంటే 79 ఏళ్ల తర్వాత. అసలు ముఖ్యమైన భాగం మాత్రం ఇంకా అక్కడే ఉంది. మధ్యలో 1973లో హునాన్ మ్యూజియం వాళ్లు అదే సమాధిని మళ్లీ తవ్వితే, దొంగల కంట పడకుండా మిగిలిపోయిన ఇంకో పట్టు చిత్రం దొరికింది, డ్రాగన్ మీద సవారీ చేస్తున్న మనిషి బొమ్మ. ఒకే సమాధి నుంచి ఒకటి సముద్రాలు దాటింది, ఒకటి ఊళ్లోనే ఉంది. మావాంగ్‌దుయ్ విషయంలో వాళ్ల మొండితనం వెనక ఈ కథ ఉందని నా అనుమానం.

ఇక మావాంగ్‌దుయ్. ఊరి తూర్పున పక్కపక్కనే రెండు మట్టి దిబ్బలు ఉండేవి, పదో శతాబ్దంలో ‘మా’ అనే ఇంటిపేరున్న రాజు సమాధి అదేనని జనం నమ్మకం, ఆ పేరూ అలా వచ్చిందే. 1971 చివర్లో అక్కడి సైనిక ఆసుపత్రి వాళ్లు యుద్ధ భయంతో ఆ దిబ్బ కింద బాంబు షెల్టర్ తవ్వుతుంటే భూమిలోంచి గ్యాస్ తన్నుకొచ్చింది, నిప్పు తగలగానే నీలం మంటతో మండింది. పాత దొంగలకైతే దీని అర్థం వెంటనే తెలిసేది, లోపలికి గాలి పోలేదు, అంటే ఎవరూ తెరవలేదు అని.

అప్పుడు నడుస్తున్నది సాంస్కృతిక విప్లవం. పాతదేదైనా పగలగొట్టడమే గొప్ప అనుకునే రోజుల్లో ఇంత పాతదాన్ని ఇంత జాగ్రత్తగా బయటికి తీయడం ఓ విచిత్రం. 1972 జనవరిలో మొదలుపెట్టారు, స్థానిక విద్యార్థులు కూడా వచ్చి మట్టి మోశారు. కిందికి పోతే ఒక మీటరుకి పైగా మందంలో జిగట తెల్ల బంకమన్ను, దాని కింద ఐదు టన్నుల దాకా కట్టె బొగ్గు, దాని కింద దుంగల గది, గదిలో ఒకదాంట్లో ఒకటి నాలుగు పెట్టెలు, లోపలి పెట్టెలో ఇరవై పొరల బట్టల్లో చుట్టిన ఒక మనిషి.

పెట్టెల చుట్టూ భోజనం సామాన్లు. చెట్టు పాల పూత పూసిన ఎరుపు నలుపు చెక్క గిన్నెల మీద ‘భోంచెయ్యండి’, కప్పుల మీద ‘తాగండి’ అని రాసి ఉంది. ఒక గిన్నె మూత తీస్తే నీళ్లలో తామర దుంప ముక్కలు తేలుతున్నాయి, చిల్లులతో సహా, ఇవాళ పొద్దున తరిగినట్టు! గిన్నెని అక్కణ్నుంచి కదిలిస్తుంటేనే ముక్కలన్నీ నీళ్లలో కలిసిపోయాయి, చివరికి మిగిలింది ఫోటోనే. 2,100 ఏళ్లు ఆగిన కూర ఆ కాసేపు కుదుపుకి ఆగలేదు. వస్తువుల్ని విమానాలెక్కించడానికి మ్యూజియం ఎందుకు భయపడుతుందో ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

లోపల ఉన్నామె పేరు షిన్ జుయ్. మమ్మీ అనగానే మనకి హైదరాబాద్ మ్యూజియంలో ఉన్న ఈజిప్టు మమ్మీ గుర్తొస్తుంది, కానీ అది ఎండబెట్టిన శరీరం, ఈమెది తడి శరీరం. చర్మం మెత్తగా ఉంది, కీళ్లు వంగుతున్నాయి. పొడవు 154 సెం.మీ., బరువు 34.3 కిలోలు. 1972 డిసెంబరులో డాక్టర్లు పోస్ట్‌మార్టం చేశారు, ఇప్పుడే పోయిన మనిషికి చేసినట్టే. వయసు యాభై ప్రాంతం, గుండె రక్తనాళాలు పూడుకుపోయాయి, పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయి, అన్నవాహికా కడుపూ పేగుల్లో కలిపి 138 ఖర్బూజా గింజలు దొరికాయి. పండు తిన్న కాసేపటికే గుండెపోటుతో పోయిందని తేల్చారు.

ఇంతకీ ఈమె రాణేం కాదు. భర్త లీ త్సాంగ్ చాంగ్‌షా రాజ్యానికి మంత్రి, అతనికి ఇచ్చిన జాగీరు 700 కుటుంబాలది. 1973-74లో పక్కన ఇంకో రెండు సమాధులు తవ్వితే ఇదంతా తేలింది. భర్త సమాధిని దొంగలు ఎప్పుడో దోచేశారు, కానీ పేరు, బిరుదు, పదవి చెప్పే మూడు ముద్రలు మాత్రం వదిలేశారు. క్రీ.పూ. 168 నాటి కొడుకు సమాధిలో పట్టు మీద రాసిన ఒక లైబ్రరీయే ఉంది: తావో సిద్ధాంతపు లావోజీ గ్రంథం రెండు ప్రతులు, 52 జబ్బులకి మందులు, తోకచుక్కల బొమ్మలు, దక్షిణం పైకి పెట్టి గీసిన మ్యాప్. నాకైతే షిన్ జుయ్ కన్నా ఈ కొడుకే పెద్ద నిధి, కానీ జనం క్యూ కట్టేది ఆవిడ కోసం.

ఊళ్లో ఉంటే భద్రం అని కూడా అనలేం. 1983లో 17 ఏళ్ల కుర్రాడొకడు ఈ మ్యూజియంలో దూరి సమాధి సొత్తులోంచి ముప్పైకి పైగా వస్తువులు ఎత్తుకుపోయాడు. కుర్రాడు దొరికాడు, కానీ కొన్ని వస్తువులు శాశ్వతంగా పాడైపోయాయి. ఇప్పుడున్న కొత్త భవనం 2017లో తెరిచారు, షిన్ జుయ్‌ని అద్దాల కింద, అడుగున పడుకోబెట్టారు.

ఇక ఆ జాబితాలోని పట్టు అంగీ, షిన్ జుయ్ సమాధిలో దొరికిన పల్చటిది, పొడవు 128 సెం.మీ., పొడుగు చేతులు, బరువు మొత్తం 49 గ్రాములు. దీనికి నకలు నేయబోతే మొదట 80 గ్రాములు దాటిపోయింది. కారణం పురుగు! పట్టుపురుగు కుబుసం విడవడాన్ని మన పట్టు రైతులు జ్వరం అంటారు కదా, ఇప్పటి పురుగులు నాలుగు జ్వరాలు దాటి లావెక్కుతాయి, లావు పురుగు లావు దారమే తీస్తుంది, అప్పటివి మూడు జ్వరాల చిన్న పురుగులు. సన్నటి దారం సంపాదించి నాన్‌జింగ్ నేతగాళ్లు మళ్లీ మొదలుపెట్టారు, ఏళ్లు పట్టింది. 2019లో తూకం వేస్తే 49.28 గ్రాములు.