పల్లె వ్యాపారాలకు ప్రభుత్వ లోన్లు: అపోహలు - వాస్తవాలు

పిండిమర, కారం మిల్లు, కుట్టు యూనిట్, డెయిరీ... పల్లెల్లో ఇలాంటివి పెట్టాలనుకునేవాళ్లకి లోను దరఖాస్తులు, ప్రాజెక్ట్ రిపోర్టులు తయారుచేసి పెట్టడం నా పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది “సబ్సిడీ ఎంతొస్తుందండీ?” అని. నెలకి కిస్తీ ఎంత, అది ఏ ఆదాయంలోంచి కట్టాలి అన్న మాట చివర్లో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. ముందు అడగాల్సింది అదే.

అపోహ: ముద్ర లోను ఇచ్చేది ప్రభుత్వం. బ్యాంకు ఊరికే అడ్డుపడుతోంది.

చిన్న వ్యాపారాలకి లోన్ల కోసం 2015 ఏప్రిల్ 8న మొదలైన ఈ కేంద్ర పథకంలో ముద్ర సంస్థ ఎవరికీ నేరుగా అప్పు ఇవ్వదు. అప్పిచ్చే బ్యాంకులకి, మైక్రోఫైనాన్స్ సంస్థలకి వెనకనుంచి రీఫైనాన్స్ చేస్తుంది, అంటే వాళ్లిచ్చే అప్పులకి డబ్బు సమకూరుస్తుంది. శిశు విభాగం కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు ఇస్తారు. తరుణ్ లోను సరిగ్గా తీర్చినవాళ్లకి 2024 నుంచి 20 లక్షల వరకు అవకాశం వచ్చింది. ఇవ్వాలా వద్దా అని తేల్చేది బ్యాంకే. ముద్రలో సబ్సిడీ కూడా లేదు. “మీ ముద్ర లోను మంజూరైంది, ఫీజు కట్టండి” అంటూ వాట్సాప్‌లో లెటర్ వస్తే అది మోసం. దయచేసి రూపాయి కూడా పంపకండి.

అపోహ: పీఎంఈజీపీలో 35 శాతం సబ్సిడీ చేతికొస్తుంది.

పీఎంఈజీపీ అంటే కొత్త యూనిట్ పెట్టేవాళ్లకి బ్యాంకు లోనుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం. నాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇది. గ్రామాల్లో మహిళలకి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకి, మరికొందరికి ఈ పథకంలో 35 శాతం సబ్సిడీ ఉన్న మాట నిజమే. జనరల్ వర్గానికి 25 శాతం. కానీ ఆ డబ్బు మీ ఖాతాలోకి రాదు. మీ పేరు మీద బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. దానిమీద మీకు వడ్డీ రాదు, లోనులో అంత మొత్తానికి బ్యాంకు కూడా వడ్డీ వేయదు. మూడేళ్ల తర్వాత, తనిఖీలో యూనిట్ నడుస్తోందని తేలాకే అది అప్పులో జమవుతుంది.

లెక్క చూడండి. ఒక మహిళ 4 లక్షలతో కారం మిల్లు పెడుతోంది. సొంత వాటా 5 శాతం, అంటే 20 వేలు. బ్యాంకు లోను 3.80 లక్షలు. సబ్సిడీ 1.40 లక్షలు డిపాజిట్‌లో ఉంటే, వడ్డీ పడేది 2.40 లక్షల మీద.

ఇక్కడే బ్రోకర్ దిగుతాడు. “కొటేషన్ 6 లక్షలకి వేయిద్దాం, సబ్సిడీ 2.10 లక్షలొస్తుంది, సొంత డబ్బు పెట్టక్కర్లేదు” అంటాడు. అప్పుడు లోను 5.70 లక్షలవుతుంది. మిల్లు విలువ మాత్రం అదే 4 లక్షలు. పైడబ్బు డీలర్‌కీ బ్రోకర్‌కీ పంచగా మీ దగ్గర ఎంత మిగులుతుందో ఊహించుకోండి. వడ్డీ ఇప్పుడు 3.60 లక్షల మీద. మూడేళ్లలోపు మిల్లు మూతపడి సబ్సిడీ వెనక్కి పోతే, బాకీకి ఆ 2.10 లక్షల ఆసరా కూడా ఉండదు. సంతకం మీది, బ్రోకర్ది ఎక్కడా ఉండదు.

ఈ దరఖాస్తుకి ఫీజు లేదు. చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే. జిల్లా పరిశ్రమల కేంద్రానికి మీరే వెళ్లి అడగొచ్చు.

అపోహ: నడుస్తున్న కొట్టుకి పీఎంఈజీపీ తెచ్చుకోవచ్చు.

మామూలుగా కుదరదు, మొదటి లోను కొత్త యూనిట్లకే ఇస్తారు. ఇదివరకే పీఎంఈజీపీ లేదా ముద్ర లోను తీసుకుని బాగా నడుస్తున్న యూనిట్లకి మాత్రం విస్తరణ కోసం రెండో లోను ఉంది. ఉన్న వ్యాపారం పెంచుకోవాలంటే ముద్ర అడగండి.

అపోహ: తాకట్టు లేదు, కాబట్టి కట్టకపోయినా ఏమీ కాదు.

తాకట్టు లేని లోన్లకి గ్యారంటీ ఫండ్ ఉంటుంది. ఆ గ్యారంటీ బ్యాంకుకి, మీకు కాదు. ఫండ్ నుంచి బ్యాంకుకి కొంత డబ్బొచ్చినా మీ బాకీ రద్దవదు. కొన్న మెషీన్ బ్యాంకు హైపోథికేషన్‌లోనే ఉంటుంది, అంటే మీ దగ్గరే ఉన్నా దానిమీద హక్కు బ్యాంకుకి ఉంటుంది. అప్పులు సరిగ్గా కడుతున్నారా అని చూపే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు పిల్లల చదువుకి లోను అడిగినా అది అడ్డొస్తుంది. రైతు రుణమాఫీ పంట రుణాల కోసం పెట్టింది. దాన్ని చూసి మిల్లు లోను కూడా మాఫీ అవుతుందని ఆగకండి.

అపోహ: మెషీన్‌కి లోనొస్తే చాలు, మిగతాది అదే నడుస్తుంది.

కూలికి ఆడించే మిల్లయితే కరెంటు, రిపేర్ల ఖర్చుతో సరిపోతుంది. ప్యాకెట్ కారం అమ్మాలనుకుంటే మాత్రం మిర్చి పంట బాగా వచ్చే నెలల్లోనే సరుకు కొని పెట్టుకోవాలి. ఆ డబ్బు ప్రాజెక్ట్ రిపోర్టులో వర్కింగ్ క్యాపిటల్‌గా (రోజువారీ నడపడానికి, సరుకు కొనడానికి కావాల్సిన డబ్బుగా) అడగకపోతే, చివరికి ఊళ్లో ఎక్కువ వడ్డీకి తేవాల్సి వస్తుంది.

గిరాకీ కూడా ఏడాదంతా ఒకేలా ఉండదు. ఎండాకాలంలో ఇంటింటా ఏడాదికి సరిపడా కారం ఆడించుకుంటారు, వానలు పడ్డాక మిల్లు ఖాళీగా ఉంటుంది. కిస్తీ మాత్రం ప్రతి నెలా కట్టాలి. అందుకే నేను ఆదాయం పన్నెండు నెలలకీ విడివిడిగా రాయిస్తాను. ఖాళీ నెలల్లో కిస్తీ ఎలా కడతారో తేలకపోతే లోను తగ్గించుకోమంటాను, కొందరికి కోపం వస్తుంది కూడా.

పీఎంఈజీపీలో మారటోరియం, అంటే కిస్తీలు మొదలయ్యే ముందు ఇచ్చే గడువు, తర్వాత 3 నుంచి 7 ఏళ్లలో తీర్చాలి. ఆ మారటోరియం ఎన్ని నెలలో, ఏ రోజునుంచి లెక్కిస్తారో మంజూరు పత్రంలో చదివాకే సంతకం పెట్టండి. త్రీఫేజ్ కరెంటుకి మెషీన్ వచ్చాక కాదు, షెడ్డు ఖాయమైన రోజే దరఖాస్తు పెట్టండి. కనెక్షన్ ఆలస్యమైతే మిల్లు తిరగకముందే కిస్తీలు మొదలవుతాయి.