అమ్మ మాట్లాడని మాతృభాష: మలేషియా చైనీస్ ప్రైమరీ బడి వెనక కథ

2001 జనవరిలో మలేషియాలో కొత్త విద్యా సంవత్సరం మొదలైంది. కౌలాలంపూర్‌ని ఆనుకుని ఉన్న పెటాలింగ్ జయలో, దామన్సారా అనే చోట ఒక చైనీస్ ప్రైమరీ స్కూలు గేటు మాత్రం తెరుచుకోలేదు. 1930లో పెట్టిన బడి అది. పిల్లలు కిక్కిరిసిపోయారు, పక్కన హైవే వచ్చి ట్రాఫిక్ పెరిగింది, మోత భరించలేం అని చెప్పి విద్యాశాఖ దాన్ని మూసేసి, వేరేచోట కట్టిన కొత్త భవనానికి మార్చేసింది. చాలామంది అటే వెళ్ళారు. 67 మంది పిల్లల తల్లిదండ్రులు మాత్రం మేం కదలం అన్నారు. కొత్త బడి వద్దని కాదు వాళ్ళ గొడవ. ఉన్నదాన్ని ఉండనివ్వండి, దానికి తోడుగా ఇంకోటి కట్టండి అన్నారు. సర్కారు ఒప్పుకోలేదు. ఊళ్ళోని గుడి దగ్గర తాత్కాలికంగా గదులు వేసుకుని అక్కడే పాఠాలు మొదలుపెట్టారు. మహా అయితే ఆర్నెల్లు ఉంటారనుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. ఎనిమిదేళ్ళు ఉన్నారు. 2008 ఎన్నికల్లో అధికార కూటమికి గట్టి దెబ్బ తగిలాక, 2009లో గానీ ఆ గేటు మళ్ళీ తెరుచుకోలేదు.

సౌకర్యాలున్న కొత్త భవనం ఇస్తామంటే పాత బడి కోసం ఇంత పట్టుదల ఏమిటి? బయటి నుంచి చూస్తే మొండితనంలాగే కనిపిస్తుంది. కానీ అక్కడి చైనీయులకి బడి అంటే నాలుగు గోడల గది కాదు. రెండు వందల ఏళ్ళుగా, నాలుగైదు ప్రభుత్వాలు మారినా, తమ చేతిలోంచి జారిపోకుండా పట్టుకున్న ఆస్తి.

మలేషియాలోని పెనాంగ్ దీవిలో 1819 నాటికే చైనీస్ బడి ఉందని చెబుతారు. తగరం గనుల్లో పనికీ, మిరియాల తోటలకీ, వ్యాపారానికీ దక్షిణ చైనా నుంచి పడవల్లో వచ్చినవాళ్ళు ఎక్కడ దిగితే అక్కడ ముందు గుడి, తర్వాత కుల, ప్రాంత సంఘం, ఆ సంఘం గదిలోనే బడి పెట్టుకున్నారు. మన పాత వీధిబడి లాంటిదే. ఒక పంతులు, పాతికమంది పిల్లలు, కన్ఫ్యూషియస్ సంప్రదాయ పాఠాలు బట్టీ. హొక్కియన్ వాళ్ళ బడిలో హొక్కియన్, కాంటన్ వాళ్ళ బడిలో కాంటనీస్, హక్కా వాళ్ళ దగ్గర హక్కా. లిపి ఒకటే అయినా చదివే నోరు వేరు. పక్క సంఘం బడిలో కూర్చుంటే పిల్లవాడికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

1904లో పెనాంగ్‌లోనే చుంగ్ హ్వా అనే కొత్త తరహా బడి వచ్చింది. పెట్టించినవాడు చియోంగ్ ఫాట్ జీ, అటు పెద్ద వ్యాపారి, ఇటు చైనా రాజాస్థానంలో పదవులున్న మనిషి. అందులో బోధన మాండరిన్‌లో. 1911లో చైనాలో రాజరికం కూలి, జాతి అంతటికీ ఒకే భాష అన్న ఊపు వచ్చాక మిగతా బళ్ళు కూడా ఒక్కొక్కటిగా మాండరిన్‌కి మారిపోయాయి.

ఈ మలుపు దగ్గర కాస్త ఆగాలి. మలయా (అప్పట్లో ఈ ప్రాంతం పేరు అదే) చైనీయుల్లో మాండరిన్ ఇంట్లో మాట్లాడేవాళ్ళు దాదాపు లేరు. అమ్మ హొక్కియన్‌లో తిట్టేది, నాన్న హక్కాలో బేరమాడేవాడు, బడిలో మాత్రం మాండరిన్. తర్వాతి రోజుల్లో 'మాతృభాషా విద్య' అని ఏ నినాదం మీద వీళ్ళు సర్కార్లతో పోరాడారో, ఆ భాష ఏ తల్లీ మాట్లాడనిది. ఎగతాళికి అనడం లేదు. బడి ఒక భాషని నేర్పడమే కాదు, దాన్ని తమదిగా చేసుకున్న ఒక సమాజాన్నే తయారు చేసింది. అంతకుముందు వాళ్ళు హొక్కియన్లు, హక్కాలు, టియోచ్యూలు, హైనాన్ వాళ్ళు. ఈ బళ్ళలో చదివాక మలేషియా చైనీయులయ్యారు.

బ్రిటిష్ వాళ్ళు మొదట్లో ఈ బళ్ళ జోలికి రాలేదు. మలయ్ పిల్లలకి ఊళ్ళో మలయ్ బడి, పట్నంలో కొద్దిమందికి ఇంగ్లీషు బడి, రబ్బరు ఎస్టేట్లలో భారతీయ కూలీల పిల్లలకి ఎస్టేటు బడి. చైనీయుల సంగతి వాళ్ళే చూసుకుంటున్నారుగా అని వదిలేశారు. 1919లో చైనాలో విద్యార్థి ఉద్యమం లేచి, ఆ సెగ ఇక్కడి పంతుళ్ళకీ పిల్లలకీ తగిలేసరికి ఉలిక్కిపడ్డారు. 1920లో బళ్ళూ, పంతుళ్ళూ, కమిటీలూ రిజిస్టరు కావాల్సిందేనని చట్టం తెచ్చారు. అనుమానానికి కారణం లేకపోలేదు. పుస్తకాలు షాంఘైలో అచ్చయ్యేవి, పంతుళ్ళు చైనా నుంచి దిగేవాళ్ళు. పిల్లలు చూడని యాంగ్జీ నది గురించి చదువుకునేవాళ్ళు, తమ ఊరి ఏరు పుస్తకంలో ఉండేది కాదు. తర్వాత జపాను ఆక్రమణ వచ్చింది. 1942 నుంచి 1945 దాకా బళ్ళు చాలావరకు మూతపడ్డాయి.

యుద్ధం తర్వాత అసలు కథ మొదలైంది. 1948లో కమ్యూనిస్టు తిరుగుబాటు మొదలైతే, అడవి అంచుల్లో చెదురుమదురుగా బతుకుతున్న చైనీయులు తిరుగుబాటుదార్లకి బియ్యం అందిస్తారని భయపడి, మళ్ళీ పాలనకి వచ్చిన బ్రిటిష్ వాళ్ళు దాదాపు ఐదు లక్షల మందిని లేపి ముళ్ళకంచె చుట్టిన 'కొత్త ఊళ్ళ'లో పెట్టారు. దామన్సారా కూడా అలాంటి కొత్త ఊరే. కంచె లోపల పోలీస్ స్టేషను, మంచినీళ్ళ కుళాయి, బడి. అప్పటిదాకా బడి లేని తోటల్లో ఉన్న పిల్లలకి కూడా ఇక్కడ చైనీస్ బడి దొరికింది. అణచడానికి కట్టిన ఊళ్ళే ఈ బళ్ళకి బలమైన కోటలు కావడం ఎవరూ అనుకుని చేసింది కాదు.

1951లో బార్న్స్ కమిటీ నివేదిక వచ్చింది. వేరువేరు భాషల బళ్ళు ఎత్తేసి అందరికీ మలయ్, ఇంగ్లీషుల్లో ఒకే జాతీయ బడి పెట్టాలని దాని సారాంశం. కమిటీలో చైనీయులు గానీ భారతీయులు గానీ ఒక్కరూ లేరు. చైనీయులు మండిపడ్డారు. ఆ వేడి చల్లార్చడానికి విలియం ఫెన్, వూ తే యావ్ అనే ఇద్దరిని పిలిపించి ఇంకో నివేదిక రాయించారు. చైనీస్‌లో చదివినంత మాత్రాన ఈ దేశం మీద ప్రేమ తగ్గదని వాళ్ళు రాశారు. కానీ 1952 చట్టం బార్న్స్ దారినే పోయింది. అప్పటికే పంతుళ్ళ సంఘాలన్నీ కలిసి 1951 డిసెంబరులో 'జ్యావ్ జోంగ్' పెట్టుకున్నాయి. 1954లో బడి కమిటీలన్నీ కలిసి 'డోంగ్ జోంగ్' పెట్టాయి. ఒకటి పాఠం చెప్పేవాళ్ళది, ఇంకోటి డబ్బు పెట్టేవాళ్ళది. ఈ రెండు పేర్లూ ఈరోజుకీ మలేషియా పత్రికల్లో వారం తప్పకుండా కనిపిస్తాయి.

జ్యావ్ జోంగ్‌కి నాయకుడు లిమ్ లియాన్ గియోక్. 1955 జనవరిలో మలక్కాలో చైనీస్ పార్టీ నాయకుడు తాన్ చెంగ్ లాక్ ఇంట్లో, కాబోయే ప్రధాని టుంకు అబ్దుల్ రహమాన్‌తో కూర్చుని మాట్లాడినవాళ్ళలో ఆయనొకరు. ఎన్నికలయ్యేదాకా చైనీస్‌ని అధికార భాష చెయ్యాలన్న డిమాండు పక్కన పెట్టండి, మీ బళ్ళ సంగతి మేం చూస్తాం అన్నది ఆనాటి ఒప్పందం తీరు. 1956లో విద్యామంత్రి అబ్దుల్ రజాక్ కమిటీ ఇచ్చిన నివేదిక చైనీస్, తమిళ ప్రైమరీ బళ్ళకి చోటిచ్చింది, చివరి లక్ష్యం మాత్రం మలయ్ మాధ్యమమేనని కూడా రాసింది. 1961 చట్టం ఆ లక్ష్యానికి పళ్ళు తగిలించింది. హైస్కూళ్ళు ఇంగ్లీషుకి మారితేనే గ్రాంటు, లేదంటే సొంతంగా నడుపుకోండి. చాలా బళ్ళు మారాయి. మారనివి చందాల మీద 'స్వతంత్ర' హైస్కూళ్ళుగా మిగిలాయి, అవి ఇప్పటికీ అరవై చిల్లర ఉన్నాయి. ప్రైమరీ బళ్ళ మీద మాత్రం 21(2) అనే సెక్షను కత్తిలా వేలాడింది. తగిన సమయం వచ్చిందని మంత్రికి అనిపిస్తే ఏ బడినైనా మలయ్ బడిగా మార్చేయొచ్చన్నది అందులోని మాట. దీన్ని ఎదిరించిన లిమ్‌కి పౌరసత్వం రద్దు చేశారు, పంతులు ఉద్యోగం కూడా తీసేశారు. 1985 డిసెంబరు 18న ఆయన పోయారు. ఆ రోజుని చైనీయులు ఏటా తమ విద్యా దినంగా జరుపుకుంటారు. ఆ సెక్షను 1996 చట్టంలో గానీ పోలేదు. అంటే 35 ఏళ్ళపాటు ప్రతి హెడ్మాస్టరూ ఆ టెన్షన్‌తోనే బడి నడిపాడన్నమాట.

ఈలోగా 1987. చైనీస్ చదువుకోనివాళ్ళని చైనీస్ బళ్ళకి అసిస్టెంట్ హెడ్మాస్టర్లుగా, సూపర్వైజర్లుగా వేశారు. వినడానికి చిన్న బదిలీల గొడవ. కానీ అసెంబ్లీలో చెప్పే మాటా, స్టాఫ్ మీటింగు మినిట్సూ, తల్లిదండ్రులకి పంపే చీటీ కూడా మాండరిన్‌లో ఉండే బడి అది. పై కుర్చీలో ఆ భాష రాని మనిషి కూర్చుంటే ఇవన్నీ ఒక్కొక్కటే మలయ్‌లోకి జారిపోతాయి, పుస్తకం మాత్రమే చైనీస్‌లో మిగులుతుంది అన్నది వాళ్ళ భయం. అక్టోబరు 11న కౌలాలంపూర్ తియన్ హౌ గుడిలో వేలమంది సభ పెట్టారు. పాలక కూటమిలోని చైనీస్ పార్టీ వాళ్ళూ, ప్రతిపక్షం వాళ్ళూ ఒకే వేదిక ఎక్కారు. దానికి పోటీగా మలయ్ పార్టీ యువకులు సభ పెట్టారు. అక్టోబరు 27 నుంచి అరెస్టులు. 'ఆపరేషన్ లాలాంగ్' కింద వందమందికి పైగా విచారణ లేకుండా లోపలికి వెళ్ళారు. డోంగ్ జోంగ్, జ్యావ్ జోంగ్ అధ్యక్షులిద్దరూ అందులో ఉన్నారు. మూడు పత్రికల లైసెన్సులు రద్దయ్యాయి. కొందరు అసిస్టెంట్ హెడ్మాస్టర్ల పోస్టింగులతో మొదలైంది ఇక్కడిదాకా వచ్చిందంటే, ఆ బడి మీద రెండు పక్కలా ఎంత బరువు పెట్టుకున్నారో చూడండి.

ఇంతకీ ఇవి సర్కారు బళ్ళా, ప్రైవేటు బళ్ళా? రెండూ కాదు, రెండూనూ. సిలబస్ దేశమంతటికీ ఒకటే, పంతుళ్ళ జీతాలు సర్కారువే. కానీ చాలా బళ్ళ స్థలం కమిటీది. అలాంటివాటికి భవనం ఖర్చుకి సాయం పూర్తిగా రాదు. కొత్త గదులు, ఫ్యాన్లు, హాలు అన్నిటికీ చందాలే. విందు భోజనాలు పెట్టి టేబుల్‌కి ఇంత అని అమ్ముతారు, బీరు కంపెనీలు కూడా ఏళ్ళ తరబడి పాటల కచేరీలు పెట్టించి డబ్బు పోగుచేసి ఇచ్చాయి. 2024లో సెలంగోర్‌లోని ఒక బడిలో బీరు పేరున్న పెద్ద అట్టముక్క చెక్కు పట్టుకుని ఫొటో దిగితే దేశమంతా వారాల తరబడి రచ్చ అయింది. ముస్లిం మెజారిటీ దేశంలో కొందరికి తప్పుగా తోచడంలో వింత లేదు. డబ్బు పాతికేళ్ళ పైనుంచీ అలాగే వస్తోందన్నది ఇవతలి వాళ్ళ మాట.

తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక ముల్లు గుచ్చుకుంటుంది. మలయా రబ్బరు, కొబ్బరి ఎస్టేట్లలో మనవాళ్ళూ ఉన్నారు, పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో వైపు ఎక్కువ. ఒకప్పుడు ఎస్టేట్లలో తెలుగు బళ్ళుండేవి. 1923 కార్మిక చట్టం ప్రకారం, పదిమంది పిల్లలుంటే ఎస్టేటు యజమాని బడి పెట్టాలి. పెట్టారు, పశువుల కొట్టం లాంటి షెడ్డయినా పెట్టారు. కానీ ఆ బడి దొరది. దొర పోతే బడీ పోయింది. రజాక్ లెక్కలో భారతీయ బడి అంటే తమిళ బడి అని ఖాయమయ్యాక తెలుగు పిల్లలు అందులో చేరారు, లేదా మలయ్ బడికి వెళ్ళారు. ఇప్పుడు మలేషియాలో తెలుగు అక్షరాలు నేర్పేది 1955లో పుట్టిన తెలుగు సంఘం లాంటివాళ్ళ క్లాసులే. చైనీయులు మనకంటే భాషాభిమానులని నేననుకోను. వాళ్ళ బడి స్థలం వాళ్ళ పేర ఉంది, తేడా అంతా అక్కడే.

చట్టం వైపు నుంచి ముప్పు ఇటీవలిదాకా ఉంది. ఈ బళ్ళు రాజ్యాంగ విరుద్ధమని కొన్ని మలయ్, ముస్లిం సంఘాలు 2019లో కోర్టుకెక్కాయి. జాతీయ భాష మలయేనని చెప్పే 152వ అధికరణమే, మిగతా భాషలు నేర్చుకోవడాన్నీ నేర్పడాన్నీ ఎవరూ అడ్డుకోకూడదని కూడా చెబుతుంది. వాదనంతా ఆ 'నేర్పడం' అన్న మాట చుట్టూనే తిరిగింది. ఒక భాషని నేర్పడం వేరు, ఆ భాషలో అన్నీ నేర్పడం వేరు అన్నారు వాళ్ళు. 2021 డిసెంబరులో హైకోర్టు, 2023 నవంబరులో అప్పీళ్ళ కోర్టు ఆ వాదన కొట్టేశాయి. 2024 నవంబరులో ఫెడరల్ కోర్టు అప్పీలుకి అనుమతివ్వలేదు.

ఇక తరగతి గదిలోకి తొంగిచూస్తే బొమ్మ మారిపోయింది. ఈ బళ్ళలో ఇప్పుడు దాదాపు ఐదుగురిలో ఒకరు చైనీయులు కానివాళ్ళు, అందులో ఎక్కువ మంది మలయ్ పిల్లలే. లెక్కలు బాగా చెబుతారని, క్రమశిక్షణ ఉంటుందని, మాండరిన్ వస్తే ఉద్యోగం తేలికని పంపుతున్నారు. పల్లెల్లో చైనీయులే తక్కువగా ఉన్న చైనీస్ బళ్ళున్నాయి. ఇంట్లో ఎవరికీ మాండరిన్ రాని పిల్లకి హోంవర్కు ఎవరు చేయిస్తారన్నది అక్కడి టీచర్ల రోజువారీ తలనొప్పి. తమాషా ఏమిటంటే నూరేళ్ళ కిందట హొక్కియన్ ఇంటి పిల్లదీ ఇదే ఇబ్బంది.

చైనీయుల ఇళ్ళలో పిల్లలు తగ్గిపోయారు, ఉన్నవాళ్ళు పట్నాలకి వెళ్ళిపోయారు. దాంతో పల్లె బళ్ళు ఖాళీ, నగర శివార్లలో సీట్ల కోసం తోపులాట. 150 మంది కంటే తక్కువుంటే చిన్న బడి కింద లెక్క. మొత్తం దాదాపు 1,300 చైనీస్ ప్రైమరీ బళ్ళలో సగానికి దగ్గరగా అలాంటివే. దేశ జనాభా ఎన్ని రెట్లు పెరిగినా బళ్ళ సంఖ్య 1970 నాటికంటే కొంచెం తగ్గిందే తప్ప పెరగలేదు. కొత్త బడికి అనుమతి ఎప్పుడో ఎన్నికల ముందు తప్ప దొరకదు. అందుకని కమిటీలు వేరే దారి కనిపెట్టాయి. పిల్లలు లేని పల్లె బడి లైసెన్సుని పట్నానికి మార్పించుకోవడం. పదిమంది కూడా లేని బడికి రంగులు వేయించి, హెడ్మాస్టరుని నిలబెట్టి, ఏటా పిల్లల కోసం ఊళ్ళు తిరగడం అందుకే. ఒకసారి మూత పడిందంటే ఆ లైసెన్సు మళ్ళీ పుట్టదు. గుడి దగ్గర ఎనిమిదేళ్ళు కూర్చున్న ఆ 67 మంది పిల్లల తల్లిదండ్రులకి ఈ లెక్క ముందే తెలుసు.