పెద్దపేగు క్యాన్సర్ పరీక్షకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా? విశాఖ ఓపీలో రోజూ వినే అపోహలు

అపోహ: కార్డు ఉందిగా, ఏ పరీక్షైనా ఉచితమే.

వాస్తవం: ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మారినా మా ఓపీలో అందరి నోటా ఇంకా ఆరోగ్యశ్రీయే. అది జబ్బు తేలాక చేసే వైద్యానికి డబ్బు కట్టే పథకం. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ దాని కిందకి వస్తాయి. ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు ఇస్తారు గానీ ఆసుపత్రిలో చేరితేనే; ఓపీ ఖర్చు రాదు. ఏ నలతా లేని మనిషి "యాభై దాటాయి, ఒకసారి కొలనోస్కోపీ చేయించుకుంటా" అంటే, కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే ఆ పరీక్ష ఖర్చు సొంత జేబులోంచే. ఇది నాకు తిక్క లెక్కలా కనిపిస్తుంది. పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) ముదిరి క్యాన్సర్ కావడానికి సాధారణంగా పదేళ్లు పడుతుంది. ఈలోగా దాన్ని కత్తిరించి పారేస్తే కీమో దాకా పోనక్కర్లేదు కదా!

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు "అక్కడ 45కే చేస్తారట, ఉచితమట" అంటారు. నిజమే, 2021 నుంచి అక్కడి సిఫారసు అది. మన కార్డుకి ఆ నియమం లేదు.

అపోహ: ఏఎన్ఎం వచ్చి క్యాన్సర్ పరీక్ష చేసింది, ఏమీ లేదంది.

వాస్తవం: ఆమె చూసేది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. జాతీయ కార్యక్రమంలో ఉన్నవి ఆ మూడే.

అపోహ: రక్తం పడితే మొలలే.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. గాజువాక నుంచి, పెందుర్తి నుంచి వచ్చేవాళ్లు నెలల తరబడి మొలల మందు వాడి, బరువు తగ్గాక వస్తారు. మొలలు ఉన్న మనిషికి క్యాన్సర్ రాకూడదని ఎక్కడా లేదు. రక్తంతో పాటు విరేచనం తీరు మారినా, నడివయసు మగవాడికి కారణం తెలియకుండా ఒంట్లో రక్తం తగ్గినా (రక్తహీనత) లోపల చూడాల్సిందే. ఇక్కడ కార్డు సంగతి కూడా మారుతుంది. లక్షణం ఉంటే అది స్క్రీనింగ్ (ఏ నలతా లేనప్పుడు చేసే పరీక్ష) కాదు, రోగ నిర్ధారణ. విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ ఓపీకి వెళ్లండి. నెట్‌వర్క్ ఆసుపత్రికి (పథకంలో చేరిన ఆసుపత్రి) వెళ్తే బిల్లు కట్టక ముందే అక్కడ పథకం తరఫున సాయం చేసే ఆరోగ్యమిత్రను కలవండి; కట్టేశాక రసీదులు పట్టుకుని తిరిగితే లాభం ఉండదు. ఈఎస్ఐ వాళ్ల దారి వేరు, వాళ్లకి ఓపీ కూడా కలుస్తుంది. మల్కాపురం ఆసుపత్రిలో అడగండి.

అపోహ: మలపరీక్షలో రక్తం కనిపించింది, ఇంకోసారి చేసి చూద్దాం.

వాస్తవం: వద్దు. మలంలో కంటికి కనపడని రక్తాన్ని కూడా పట్టే ఫిట్ పరీక్ష పాజిటివ్ అయితే తర్వాతి మెట్టు కొలనోస్కోపీయే. నెగెటివ్ అయితే ఏటా చేయించుకోవాలి. కొలనోస్కోపీ స్థోమత లేనివాళ్లకి నేను మొదట చెప్పేది ఫిట్ గురించే, వందల్లో అయిపోతుంది.

అపోహ: మా నాన్నకి వచ్చింది గానీ నాకింకా వయసు రాలేదు.

వాస్తవం: నాన్నకి 48కి వస్తే మీరు 38కే కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఆయనకి ముసలితనంలో వచ్చినా మీకు 40 దాటనివ్వకండి. ఓపీ రద్దీలో డాక్టరు ఇంటి చరిత్ర అడక్కపోవచ్చు, మీరే చెప్పండి.