పాఠం చెప్పడం ప్రొఫెసర్లకు ఎవరు నేర్పాలి?

బడిలో పాఠం చెప్పాలంటే బోధనలో శిక్షణ పొంది ఉండాలంటారు. యూనివర్సిటీలో మాత్రం పీహెచ్‌డీ ఉంటే చాలనుకున్నారు. విషయం తెలిసినవాళ్లు ఎలాగోలా చెప్పేస్తారులే అన్న నమ్మకం మీదే ఉన్నత విద్య చాలాకాలం నడిచింది. అధ్యాపకులకు బోధనలో తోడ్పడే కేంద్రాలు పుట్టింది ఆ నమ్మకం సడలాకే.

ఈ తరహా కేంద్రాల్లో అమెరికాలో మొదటిదిగా చెప్పేది మిషిగన్ యూనివర్సిటీది. 1962లో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వం భరించడం, ఆ తర్వాత పుట్టిన పెద్ద తరం కాలేజీ వయసుకు రావడంతో క్లాసులు కిక్కిరిశాయి. అరవైల చివర్లో క్యాంపస్‌లలో అలజడి రేగినప్పుడు పాఠాల తీరు మీదా విద్యార్థులు నిలదీశారు. అధ్యాపకులకు విద్యార్థులు మార్కులు వేసే ఫారాలు వాడుకలోకి వచ్చాయి. మార్కులు తక్కువ వచ్చిన అధ్యాపకుడు ఏం చేయాలి? ఎవరిని అడగాలి? 1975లో హార్వర్డ్ కూడా ఒక కేంద్రం తెరిచింది. ఆ మరుసటి ఏడాది ఈ పనిలో ఉన్నవాళ్లంతా కలిసి పీఓడీ నెట్‌వర్క్ అనే సంఘం పెట్టుకున్నారు.

ఈ కేంద్రాలు పాటించే ఒక పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. సెమిస్టర్ మధ్యలో అధ్యాపకుడు కోరితే కేంద్రం నుంచి ఒకరు క్లాసుకు వస్తారు. అధ్యాపకుడు బయటికి వెళ్లిపోతాడు. ఏది అర్థమవుతోంది, ఏది అవడం లేదో విద్యార్థులు ఆ వచ్చినవాళ్లకు చెబుతారు. తర్వాత ఆ సంగతులు ఇద్దరే కూర్చుని మాట్లాడుకుంటారు. చాలాచోట్ల ఇవి శాఖాధిపతికి గానీ, ప్రమోషన్ కమిటీకి గానీ చేరవు. ఆ భరోసా లేకపోతే తన క్లాసులోని లోపం చూపించడానికి ఎవరు మాత్రం తలుపు తీస్తారు?

అయితే ఇందులోనే చిక్కుంది. రహస్యంగా, స్వచ్ఛందంగా జరిగే పనికి బలవంతం పనికిరాదు. దాంతో సాయం అడిగేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే బాగా చెప్పేవాళ్లే. భారత్ వేరే దారి పట్టింది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత యూజీసీ అధ్యాపకుల శిక్షణకు అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టి, ఓరియెంటేషన్, రిఫ్రెషర్ కోర్సులను ప్రమోషన్‌తో ముడిపెట్టింది. హాళ్లు నిండాయి. కానీ సర్టిఫికెట్ కోసం కూర్చున్నవాళ్ల క్లాసు ఎంత మారుతుందన్నది అనుమానమే. బ్రిటన్‌లో ఉన్నత విద్యపై వేసిన డియరింగ్ కమిటీ 1997 నాటి నివేదిక బోధనకు గుర్తింపు ఇచ్చే వ్యవస్థ కావాలంది. 2004లో వచ్చిన హయ్యర్ ఎడ్యుకేషన్ అకాడమీ ఫెలోషిప్‌లు ఆ కోవలోవే.

పరిశోధనలాగే బోధననూ పాండిత్యంగా లెక్కించాలని అమెరికాలో విద్యపై పనిచేసే కార్నెగీ ఫౌండేషన్‌కు చెందిన ఎర్నెస్ట్ బోయర్ 1990లోనే వాదించాడు. అందరూ మెచ్చుకున్నారు. పరిశోధనకు పేరున్న యూనివర్సిటీల్లో మాత్రం ప్రమోషన్ ఫైల్లో ఇప్పటికీ ముందు చూసేది పేపర్లే. సైన్సు, ఇంజినీరింగ్ కోర్సుల మీద వచ్చిన 225 అధ్యయనాలను 2014లో కలిపి చూస్తే, విద్యార్థులు తామే పనిచేసే క్లాసుల కంటే ఉపన్యాసం మాత్రమే వినే క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం దాదాపు ఒకటిన్నర రెట్లని తేలింది. అంత గట్టి ఆధారం దొరికినా ఉపన్యాసం పోలేదు. పద్ధతి మార్చడానికి బోలెడు సమయం పడుతుంది, ఆ సమయానికి ప్రమోషన్ ఫైల్లో పెద్ద విలువ ఉండదు.

2020లో కోవిడ్ వచ్చి క్లాసులు ఆన్‌లైన్‌కు మారినప్పుడు, ఈ కేంద్రాల వైపు ఎప్పుడూ చూడనివాళ్లు కూడా టెన్షన్‌తో ఫోన్లు చేశారు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక పరీక్షలు, అసైన్‌మెంట్లు ఎలా మార్చాలన్న ప్రశ్నలు మొదలయ్యాయి. వీటికి తయారుగా ఉన్న జవాబులేవీ లేవు. ఇది అధ్యాపకులతో కూర్చుని, ఒక్కో కోర్సునూ విడిగా చూసి తేల్చాల్సిన పని.