వేసవిలో ఈనే ఆవు: అపోహలు - వాస్తవాలు

మార్చి దాటాక ఏ పాడి రైతు కొట్టంలోకి వెళ్లినా ఫ్యాను పాలిచ్చే ఆవు మీదే తిరుగుతూ కనిపిస్తుంది. పాలు ఎండగట్టిన చూడి ఆవును మాత్రం వెనక రేకుల పంచలోనో, మధ్యాహ్నానికి నీడ తొలగిపోయే చెట్టు కిందనో కట్టేస్తారు. అడిగితే "అది ఇప్పుడు పాలివ్వడం లేదు కదా సార్" అంటారు. చిత్తూరు వైపు సంకర జాతి ఆవులకు వైద్యం చేసే నేను వేసవి పొడవునా రైతులతో వాదించేది ఈ మాట మీదే. ఈనడానికి ముందు రెండు నెలలు, ఈనిన తర్వాత మూడు వారాలు ఆవును ఎండ నుంచి కాపాడుకోగలిగితే ఆ ఈతలో పాడి నిలబడుతుంది. మన అపోహలు ఎక్కువగా ఆ రోజుల చుట్టూనే అల్లుకుని ఉన్నాయి.

అపోహ: వట్టిపోయిన ఆవుకు ఫ్యాను, నీళ్లు దండగ.

వాస్తవం: పొదుగులో పాలు తయారుచేసే కణాలు పాతవి పోయి కొత్తవి పెరిగేది ఆ రెండు నెలల్లోనే. కడుపులో దూడ వేగంగా బరువు పెరిగేదీ అప్పుడే. ఎండ ఎక్కువైతే ఆవు ఒంట్లో వేడిని బయటికి పంపడానికి రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, గర్భసంచికి అందేది తగ్గుతుంది. మేత కూడా తగ్గిస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఈ విషయం మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. చూడి ఆవులన్నిటికీ నీడ ఇచ్చి, ఒక గుంపుకు మాత్రం అదనంగా ఫ్యాన్లు, నీటి జల్లు పెట్టారు. ఈనిన తర్వాత ఆ గుంపు రోజుకు సుమారు 3 నుంచి 5 కిలోల పాలు ఎక్కువ ఇచ్చింది. వేడికి గురైన తల్లుల దూడలు తక్కువ బరువుతో పుట్టాయి, జున్నుపాలలోని రక్షణ పదార్థాలను తక్కువగా గ్రహించాయి, పెరిగి పెద్దయ్యాక పాలు కూడా తక్కువే ఇచ్చాయి. మన పది లీటర్ల ఆవులో తేడా అంత ఉండకపోవచ్చు. అయినా నష్టం ఇటు ఈ ఈతకూ, అటు రేపటి పెయ్యకూ పడుతుందన్నది మాత్రం ఇక్కడా నిజమే.

ఎక్కువ పాలిచ్చే హోల్‌స్టీన్ ఆవుకు 25 డిగ్రీల వేడి, గాలిలో సగం తేమ ఉన్నప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. మనకు హాయిగా అనిపించే వాతావరణం అది. అందుకే మీ ఒంటికి తెలిసేదాన్ని బట్టి ఆవుకు ఎండను కొలవకండి, దాని డొక్క చూడండి. పక్కన నిలబడి, ఫోనులో ఒక నిమిషం పెట్టుకుని డొక్క ఎన్నిసార్లు ఎగసిపడుతుందో లెక్కించండి. 60 దాటితే ఆవు వేడికి తట్టుకోలేకపోతున్నట్టే. 80 దాటి, మెడ చాచి, నోరు తెరిచి చొంగ కారుస్తుంటే ఆ క్షణమే చల్లబరచాలి. ఇంకొక మాట: వేడికి గురైన ఆవు లెక్కకంటే కొన్ని రోజులు ముందే ఈనుతుంది. 280 రోజులు నిండలేదు కదా అని నిశ్చింతగా ఉండకండి.

అపోహ: చూడి ఆవు మీద నీళ్లు పోస్తే జలుబు చేస్తుంది, ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది.

వాస్తవం: ఎండాకాలం ఒంటి మీద నీళ్లు పోసినందువల్ల ఏ ఆవూ ఈసుకుపోదు. ఒళ్లు విపరీతంగా కాలిపోతేనే కడుపులో దూడకు ప్రమాదం. అయితే నీళ్లు పోయడానికి పద్ధతి ఉంది. వీపు, మెడ, భుజాలు చర్మం దాకా తడవాలి. పైపైన తుంపర పడితే చాలదు. తడిపాక ఫ్యాను గాలికి ఆరనివ్వాలి, పావుగంటకోసారి మళ్లీ తడపాలి. వేడిని లాక్కుపోయేది ఆరిపోయే నీరే. గాలి ఆడని పాకలో చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి నీళ్లు చల్లితే, ఉడుకుతున్న కుండ మీద మూత పెట్టినట్టే. కోస్తాలో ఈ పొరపాటు ఎక్కువ. కోనసీమలో 37 డిగ్రీల ఉక్కపోత రెంటచింతలలో 44 డిగ్రీల పొడి ఎండకు ఏమాత్రం తీసిపోదు. అలాంటి చోట పట్టాలు పైకి చుట్టేసి, ముందు గాలికి దారి ఇవ్వండి. నీళ్లు పొదుగు మీదికి జారకుండా, పడుకునే చోట బురద కాకుండా చూసుకోండి. ఈనే ముందు చన్నుల రంధ్రాలు వదులవుతాయి. బురదలో పడుకుంటే పొదుగువాపు ఖాయం.

అపోహ: ఈనిన ఆవు బాలింత, గాలి తగలకూడదు.

మన ఇళ్లలో బాలింతలకు చెవులకు గుడ్డ కట్టి, తలుపులు మూసి, సాంబ్రాణి పొగ వేసే అలవాటు ఆవుకూ పాకింది. ఒక మే నెల మధ్యాహ్నం నన్ను పిలిచిన ఇంట్లో ఆవును రేకుల గదిలో కట్టి, గుమ్మానికి దుప్పటి వేలాడదీసి, మూలన పిడకల పొగ పెట్టారు. పొద్దున్నే ఈనింది. థర్మామీటరు 106 డిగ్రీల ఫారన్‌హీట్ చూపించింది, డొక్క ఎగసిపడుతోంది. దూడ కూడా లేవలేక పక్కనే పడి ఉంది. ఆ ఇంటి పెద్దామె "పచ్చి ఒళ్లు కదా బాబూ, గాలి కొడితే ఎలా?" అని అడిగారు. ఆమెది ప్రేమే, అందులో సందేహం లేదు. ఆవును వేపచెట్టు కిందికి మార్చి, నీళ్లు పోసి, టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టాం. సాయంత్రానికి నెమరు వేసింది. ఈనడం అంటేనే ఒంట్లో వేడి పుట్టించే పని. ఆ వెంటనే ఆవుకు కావలసింది నీడ, గాలి, నీళ్లు.

ఈనిన ఆవుకు నీళ్లు తగ్గించాలన్నది కూడా ఈ కోవలోని అపోహే. బకెట్టు నిండా పెట్టండి, తాగినంత తాగనివ్వండి. చిటికెడు ఉప్పు, కొంచెం బెల్లం కలిపితే ఇష్టంగా తాగుతుంది. అన్నం, గంజి మాత్రం బలమని బకెట్ల కొద్దీ పెట్టకండి, పొట్ట పులిసి మేత మానేస్తుంది.

అపోహ: మాయ పడేదాకా దూడను వదలకూడదు, పాలు పిండకూడదు.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల చచ్చిపోయిన దూడలు ఇన్నీ అన్నీ కావు. ఆవు కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి దూడకు రోగాలను ఎదిరించే శక్తి అందదు. అది జున్నుపాల ద్వారానే రావాలి. పేగు ఆ రక్షణ పదార్థాలను గ్రహించే శక్తి గంట గంటకూ తగ్గుతూ, ఒక రోజులో దాదాపు మూసుకుపోతుంది. 25 కిలోల దూడకు మొదటి రెండు గంటల్లో రెండు లీటర్లకు తగ్గకుండా, పన్నెండు గంటల్లోపు మరో రెండు లీటర్లు పట్టాలి. జున్ను ఇంటింటికీ పంచడం మన పల్లెల్లో ఎంత అందమైన ఆనవాయితీయో నాకూ తెలుసు. దూడ వాటా ముగిశాక మిగిలిన పాలతో వండుకోండి.

పైగా దూడ చీకితేనే గర్భసంచి ముడుచుకుని మాయ త్వరగా పడుతుంది. మామూలుగా 8 నుంచి 12 గంటల్లో పడిపోతుంది. అది వేలాడుతోందని దానికి చెప్పు, ఇటుక కట్టడం, చేత్తో లాగడం చేయకండి. సగం తెగి లోపల ఉండిపోతుంది, గర్భసంచి పుండుపడుతుంది, ఆవు మళ్లీ చూడి కట్టడానికి నెలలు పడుతుంది. 24 గంటలైనా పడకపోతే, లేదా ఈలోపే జ్వరం వచ్చినా, మేత మానేసినా, దుర్వాసన వచ్చినా డాక్టరును పిలవండి. ఎండాకాలం ఈగలు ఎక్కువ. దూడ బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పెట్టడం మరవకండి.

అపోహ: ఈనే ముందు కాల్షియం ఎంత పోస్తే అంత మంచిది.

వాస్తవం: చివరి మూడు వారాల్లో కాల్షియం సీసాలు ఎడాపెడా పడితే, ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి తెచ్చుకునే అలవాటు ఆవు ఒంటికి తప్పుతుంది. ఈనిన రోజు జున్నుపాలలోకి ఒక్కసారిగా కాల్షియం పోతుంటే తట్టుకోలేక పడిపోతుంది, దీన్నే పాలజ్వరం అంటారు. ఖనిజ లవణ మిశ్రమం డాక్టరు చెప్పిన మోతాదులో కొనసాగించండి. అదనపు కాల్షియం ఈనిన రోజునుంచి ఇవ్వండి. తినే సోడా సంగతీ అంతే. ఎండకు రొప్పే పాడి ఆవుకు దాణాలో సోడా మేలు చేస్తుంది. ఈనబోయే ఆవుకు అదే సోడా పాలజ్వరం ముప్పు పెంచుతుంది. పక్క ఆవుకు కలిపిన దాణానే దీనికీ వేయకండి.

నాటు ఆవుకు ఎండ లెక్క లేదంటారు. ఒంగోలు ఆవుకు వేలాడే చర్మం, ఎక్కువ చెమట గ్రంథులు ఉన్నాయి కాబట్టి సంకర జాతి కంటే బాగా తట్టుకుంటుంది. దానికీ నీడ, నీళ్లు కావాలి. గేదె సంగతి వేరు. నల్లని చర్మం, తక్కువ చెమట, అందుకే అది చెరువు వెతుక్కుంటుంది. మేత విషయంలో చిన్న మార్పు చాలు: తిన్న కొన్ని గంటలకు పొట్టలో వేడి పుడుతుంది కాబట్టి ఎక్కువ భాగం తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక వేయండి.

ఈనిన ఆవు ఎండలో పడిపోతే అందరూ వడదెబ్బ అంటారు. ముందు నీడలోకి చేర్చి, థర్మామీటరు పెట్టి, చెవులు తాకి చూడండి. చెవులు చల్లగా ఉండి, మెడ డొక్క వైపు తిప్పుకుని మత్తుగా ఉంటే పాలజ్వరం కావచ్చు. ఎండలో పడి ఉన్నందువల్ల ఒళ్లు వేడిగా ఉన్నా దాన్ని కొట్టిపారేయకండి. 106 దాటి రొప్పుతుంటే వడదెబ్బ, నీళ్లు పోసి ఫ్యాను పెట్టండి. రెండింటిలోనూ నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గడ్డి నింపిన గోనెలు రెండు పక్కలా ఆనించి, రొమ్ము మీద కూర్చోబెట్టండి. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేసి, ఎప్పుడు ఈనిందో, మాయ పడిందో లేదో, ఒంటి వేడి ఎంత ఉందో, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో చెప్పండి.