సైరన్ ఆగిన ఊళ్లో మిల్లు పెన్షన్ లెక్క

వరంగల్‌లో మిల్స్ కాలనీ పేరుతో ఇప్పటికీ పోలీస్ స్టేషన్ ఉంది. మిల్లు మాత్రం లేదు. 1934లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన పెద్ద కొడుకు ఆజం జా పేరిట పెట్టిన ఆజంజాహి మిల్లు అది. ఆ సైరన్ వినే చుట్టుపక్కల ఇళ్లలో పొయ్యి వెలిగించేవారు, టిఫిన్ డబ్బా సర్దేవారు.

అక్కడ సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసిన పెద్దాయనలు మామూలు మాట కూడా గట్టిగా అంటారు. కోపం కాదు. ఆ షెడ్డు మోతలో పక్కవాడికి చేతి సైగే మాట. ఏళ్ల తరబడి అదే మోతలో ఉంటే చెవులేం మిగులుతాయి? వాళ్లను పెన్షన్ ఎంతొస్తుందని అడగాలంటే నాకు మొహం చెల్లదు.

వాళ్లకు పెన్షన్ అంత తక్కువ ఎందుకొస్తుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. నష్టాల్లో పడ్డ మిల్లులను 1974లో కేంద్రం జాతీయం చేసినప్పుడు ఆజంజాహి కూడా నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లింది. సర్కారు కొలువైందని ఇళ్లలో ధీమా వచ్చింది. కానీ యంత్రాలు పాతబడ్డాయి, పవర్‌లూమ్ బట్ట చవగ్గా దొరికింది. 2002లో మిల్లు మూతపడింది. వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) కింద వచ్చిన డబ్బు కూతురి పెళ్లికో, పాత అప్పుకో, ఇంటి పైకప్పుకో పోయింది. యాభైకి దగ్గరపడ్డ మనిషికి కొత్త పని ఎవరిస్తారు? పూర్తి పెన్షన్‌కేమో 58 నిండాలి. ముందే తీసుకుంటే కోత.

అసలు దెబ్బ లెక్కలోనే ఉంది. ఇప్పటి ఈపీఎస్ (ఉద్యోగుల పెన్షన్ పథకం) 1995 నవంబరు 16న వచ్చింది. అంతకు ముందు 1971 నుంచి ఉన్నది కుటుంబ పెన్షన్, అంటే కార్మికుడు చనిపోతే ఇంట్లోవాళ్లకు. కొత్త పథకంలో నెల జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. ఆ లెక్క 1995 తర్వాతి సర్వీసుకే. మిల్లు మూతపడేసరికి అది ఆరేళ్ల పైచిలుకు. పెన్షన్ లెక్కకు అప్పటి గరిష్ఠ పరిమితి 6,500 రూపాయలనే జీతంగా తీసుకున్నా, ఆరేళ్లకు నెలకు వచ్చేది 557 రూపాయలు. పాత సర్వీసుకు 80 నుంచి 170 రూపాయల లోపు ఒక స్లాబు, అంటే ముందే ఖరారు చేసిన మొత్తం, దాని మీద కొంత పెంపు. ఒంట్లో సత్తువ ఉన్న ఇరవై ఏళ్లకు కట్టిన ధర అది! ఇది అన్యాయం కాక మరేమిటి?

2014 సెప్టెంబరులో కనీస పెన్షన్ 1,000 చేశారు. దీనికి డీఏ (కరువు భత్యం) లేదు. బియ్యం ధర పెరుగుతుంది, బీపీ మాత్రల ధర పెరుగుతుంది, ఇది పెరగదు. కనీసం 7,500 చేసి డీఏ కలపాలని పెన్షనర్లు ఏళ్లుగా అడుగుతున్నారు.

బతుకుతెరువుకు సూరత్, భీవండి పోయిన వరంగల్ నేత కుటుంబాలు ఎన్నో. 2017లో గీసుగొండ, సంగెం దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు వాళ్లను వెనక్కి రప్పిస్తామన్నారు. ఇక్కడ ఇళ్లలో ముసలివాళ్లు ఏటా బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ కోసం మీసేవకు వెళ్తారు. దారం ముడి వేసి వేసి అరిగిన వేలి ముద్ర మిషన్ మీద పడదు. తుడుచుకుని మళ్లీ పెడతారు.