నేర్చుకున్నదంతా బయటపడదు

బడిలో నోరు మెదపని పిల్లవాడు ఇంట్లో ఇల్లు పీకి పందిరేస్తాడు. ఇందులో వాడి అసలు వ్యక్తిత్వం ఏది? రెండూ వాడివే. ఏది ఎక్కడ బయటపడాలో తేల్చేది వాడి స్వభావం ఒక్కటే కాదు.

ఈ సంగతిని బాగా పట్టిచ్చినవాడు మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా. 1961లో స్టాన్‌ఫర్డ్ నర్సరీ పిల్లలు 72 మందితో ఆయన బృందం చేసిన ప్రయోగం ప్రసిద్ధం. గాలి నింపిన బోబో బొమ్మను పెద్దవాళ్లు సుత్తితో బాదుతుంటే చూసిన పిల్లలు, తర్వాత అవే దెబ్బలు, అవే మాటలు దించేశారు. అది దెబ్బలు తినడానికే చేసిన బొమ్మ కదా అన్న విమర్శ న్యాయమైనదే.

నిజానికి 1965 నాటి ప్రయోగమే ఎక్కువ విలువైనది. అందులో బొమ్మను కొట్టిన మనిషికి బహుమతి దొరికినట్టు కొందరు పిల్లలకూ, శిక్ష పడినట్టు కొందరికీ, ఏమీ జరగనట్టు మిగతావారికీ సినిమా చూపించారు. శిక్ష చూసినవాళ్లు తక్కువగా అనుకరించారు. అయితే ఆ తర్వాత, చూసింది చేసి చూపిస్తే పళ్లరసం, స్టిక్కర్లు ఇస్తామనగానే మూడు గుంపులకీ మధ్య తేడా చెరిగిపోయింది. అంటే నేర్చుకోవడం అందరిలోనూ జరిగిపోయింది. బయటపెట్టడం మాత్రం ఫలితాన్ని బట్టి ఆగింది. తిట్లు తిని మానేసిన అలవాటు తిట్టేవాళ్లు లేనిచోట మళ్లీ తలెత్తడం అందుకే.

ఆలోచన, ప్రవర్తన, పరిసరం మూడూ ఒకదాన్నొకటి మలుస్తాయన్నది బండూరా వాదం. నలుగురిలో మాట్లాడాలంటే భయపడే మనిషినే తీసుకోండి. ‘నావల్ల కాదు’ అనుకుని తప్పించుకుంటాడు. వెంటనే గుండె కుదుటపడుతుంది. ఆ ఊరటే బహుమతిలా పనిచేసి, తప్పించుకోవడాన్ని పక్కా చేస్తుంది. కొన్నాళ్లకు అతన్ని మాట్లాడమని అడగడం అందరూ మానేస్తారు. ‘చూశావా, నన్నెవరూ లెక్కచేయరు’ అనుకుంటాడు. మొదటి నమ్మకానికి సాక్ష్యం దొరికింది!

ఈ చుట్టును తెంచడానికి పొగడ్త పెద్దగా పనికిరాదు. ‘నేను చేయగలను’ అనే నమ్మకానికి బండూరా 1977లో నాలుగు ఆధారాలు చెప్పాడు: స్వయంగా చేసి గెలవడం, మనలాంటివారు చేయడం చూడటం, ఇతరుల ప్రోత్సాహం, ఒంట్లోని దడను మనం అర్థం చేసుకునే తీరు. అన్నిటికన్నా బలమైనది మొదటిదే. పామంటే హడలిపోయేవారికి ఆయన బృందం ఉపదేశాలు చేయలేదు. ముందు వేరొకరు విషం లేని పామును పట్టుకోవడం చూపించి, ఆపై చేతికి తొడుగుతో, తర్వాత వట్టి చేత్తో తాకించింది.

మాట్లాడే భయానికీ దారి ఇదే. తెలిసిన ముగ్గురి ముందు ఒక ప్రశ్న అడగడం, తర్వాత రెండు నిమిషాలు మాట్లాడటం, ఆపైనే పెద్ద సభ. దడ బాగా తగ్గేదాకా అదే మెట్టు మీద మళ్లీమళ్లీ నిలబడాలి. బెడిసికొట్టేది సాధారణంగా రెండు చోట్ల. మొదటి మెట్టే ఎత్తుగా ఉంటే ఓటమి పాత నమ్మకాన్నే గట్టిచేస్తుంది. ఇక చేతిలో కాగితం చూసి చదివి గట్టెక్కినవాడు, ఆ గెలుపును కాగితం ఖాతాలో వేస్తాడు. కాబట్టి కాగితం మొదటిసారి ఉండొచ్చు, మూడోసారికి ఉండకూడదు.

జన్యువుల పాత్ర లేదని కాదు. కవలల మీద జరిగిన అధ్యయనాలు వ్యక్తిత్వంలో మనుషుల మధ్య తేడాల్లో సుమారు 40 నుంచి 50 శాతం వాటివేనని చూపుతున్నాయి. మిగతా భాగంలో పరిసరం వాటా పెద్దది. అందుకే ఈ సాధన పాత ముద్ర వేసేసిన గుంపులో కంటే, మీ గురించి ఏ అంచనా లేని కొత్త గుంపులో మొదలుపెట్టడం తేలిక.